40 రోజుల ఖామోషీ: డాక్ చౌకీ నుంచి పర్ణశాల ఈమెయిల్ దాకా

1310 మొదట్లో ఢిల్లీలో సుల్తాన్ అలాఉద్దీన్ ఖిల్జీ చాలా బేచైన్‌గా ఉన్నాడు. మాలిక్ కాఫూర్ ఫౌజ్ తీసుకుని మన వరంగల్ కోట మీదికి వచ్చి కూర్చున్నాడు. ఫౌజ్ ఎక్కడికి వెళ్ళినా ఢిల్లీ దగ్గరి తిల్పట్ నుంచి దారి పొడుగునా డాక్ చౌకీలు పెట్టించడం సుల్తాన్ పద్ధతి. ప్రతి మంజిల్‌లో గుర్రాలు, అర కోసుకో పావు కోసుకో కాలినడక హర్కారాలు, ఖబర్ రాసి పంపే మున్షీలు. రోజూ ఖబర్ రావాల్సిందే. కానీ తెలంగాణ అడవుల్లో దారులు చెడిపోయాయి. కొన్ని చౌకీలు తెగిపోయాయి. 40 రోజులు దాటింది, ఫౌజ్ బతికుందో లేదో ఢిల్లీకి తెలియదు.

అప్పుడు సుల్తాన్ ఏం చేశాడో జియాఉద్దీన్ బరనీ తన 'తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీ'లో రాశాడు. ఖాజీ ముగీసుద్దీన్‌నీ ఇంకో అమీర్‌నీ హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి పంపాడు. ఫౌజ్ ఖబర్ లేక దిల్ ఆగడం లేదు, ఇస్లాం గురించి మీకు నాకంటే ఎక్కువ ఫికర్, మీ దిల్‌కి ఏమైనా తెలిస్తే చెప్పండి అని అడిగించాడు. ఫతహ్ గురించి హజ్రత్ మంచి మాటే చెప్పి పంపారు. అదే రోజు వరంగల్ నుంచి హర్కారాలు ఫతహ్‌నామాతో వచ్చేశారట. బరనీ దీన్ని హజ్రత్ కరామత్‌గా రాశాడు, నేను దాని జోలికి పోను. నాకు కావాల్సింది ఆ 40 రోజులు. హిందూస్తాన్‌లో అంత తాఖత్ ఉన్న సుల్తాన్‌ని కూడా తెలంగాణ అడవి ఒక ఖబర్ కోసం అలా కూర్చోబెట్టింది.

ఈ ఖిస్సా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా ఖాలా కొడుకు. దుమ్ముగూడెం మండలంలో పర్ణశాలకి కొంచెం అవతల ఉంటాడు. సోలార్ పంపులు బాగుచేసే ఒక కంపెనీలో ఫీల్డ్ పని. ఆఫీస్ హైదరాబాద్‌లో, పని అడవి అంచు పల్లెల్లో. రోజూ ఏ ఊళ్ళో ఏ పంపు చూశాడో ఫోటోలతో ఈమెయిల్ పంపాలి, రేపటి పని ఈమెయిల్‌లోనే వస్తుంది. ఒకసారి మూడు రోజులు మెయిల్ తెరుచుకోలేదు. బ్రౌజర్‌లో ఆ గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. పని చేశాడు, రిపోర్ట్ పోలేదు. మూడు రోజులు గైర్‌హాజర్ వేసి జీతం కోశారు. "భయ్యా, నేను ఎండలో తిరిగింది నిజం కాదా?" అని అడిగాడు. వాడి ఫోన్ సరిచేద్దామని పోయిన మనిషిని, తారీఖ్ పుస్తకాల్లో పడ్డాను.

మొరాకో నుంచి వచ్చిన ఇబ్న్ బతూతా 1333లో సింధు నది దాటాడు. అప్పటికి ఢిల్లీ తఖ్త్ మీద ముహమ్మద్ బిన్ తుగ్లక్. ఇక్కడి డాక్ గురించి ఇబ్న్ బతూతా చాలా ముచ్చటపడి రాశాడు. డాక్ రెండు రకాలు. గుర్రపు డాక్ పేరు 'ఉలాఖ్', కాలినడక డాక్ పేరు 'దావా'. దావాలో ఒక మైలుని మూడు భాగాలు చేసి, ప్రతి భాగానికి ఒక మజిలీ. అక్కడ నడుం బిగించుకుని మనుషులు సిద్ధంగా కూర్చుంటారు. ప్రతి ఒక్కరికీ రెండు మూరల కర్ర, దాని కొసన రాగి గజ్జెలు. ఒక చేతిలో ఖత్, ఇంకో చేతిలో ఆ కర్ర. గజ్జెలు మోగిస్తూ ప్రాణం పెట్టి పరిగెడతాడు. చప్పుడు వినగానే ముందు మజిలీలో ఉన్నవాడు లేచి నిలబడి చెయ్యి చాపుతాడు. గుర్రపు డాక్ కంటే ఇదే వేగం అంటాడు ఇబ్న్ బతూతా. సింధ్ నుంచి ఢిల్లీకి మామూలు మనిషికి 50 రోజుల ప్రయాణమైతే, ఖబర్ 5 రోజుల్లో చేరేది. ఖురాసాన్ పళ్ళు కూడా ఇలాగే సుల్తాన్ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేవి.

గుర్రం కంటే మనిషి ఎలా ముందు వెళ్ళాడు? ఏ హర్కారా కూడా ఢిల్లీ దాకా పోడు. తన మూడోవంతు మైలు పరిగెత్తి, ఖత్ అప్పజెప్పి, కూర్చుంటాడు. ఖత్ పంపినవాడు కూడా దారి మొత్తం తెరిచి ఉందా అని చూస్తూ నిలబడడు. మొదటి మనిషి చేతిలో పెట్టి ఇంటికి పోతాడు. మధ్యలో ఒక చౌకీ పడిపోతే ఖత్ వెనక చౌకీలో ఆగుతుంది, మాయమైపోదు. చేతిలో పెట్టి వెళ్ళిపోవడం అనే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే.

ఇక పర్ణశాల సంగతి. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా సీతారాముల కథ కోసం వస్తారు, గోదావరి ఒడ్డున ఫోటోలు తీసుకుని వెళతారు. ఈ ఒడ్డు దాదాపు నూరేళ్ళు రెండు సర్కార్ల మధ్య సరిహద్దు అని చాలామందికి తెలియదు. 1860లో నిజాం సర్కార్ గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకాని ఇంగ్రేజులకి ఇచ్చేసింది. మొదట అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 నుంచి మద్రాస్ ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో ఉంది. ఎదురుగా కుడి ఒడ్డు, మణుగూరు, పాల్వంచ వైపంతా నిజాందే. ఈ మధ్యలోనే ఆర్థర్ కాటన్ గోదావరి మీద పడవల దారి వేద్దామని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు పెట్టించాడు. ఖర్చు పెరిగిందే కానీ దారి తెరుచుకోలేదు, 1871లో పనులు ఆపేశారు. నది ద్వారా సరుకూ ఖబరూ లోపలికి పోతాయన్న ఆశ అక్కడే ఆగింది.

నిజాం సర్కార్‌కి సొంత డాక్ ఉండేది. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు 1869లో సొంత బిళ్ళ కూడా అచ్చు వేశారు. హైదరాబాద్ పెద్దవాళ్ళ నోట 'టప్పా' అనే మాట ఇప్పటికీ వినబడుతుందే, అది ఆ డాక్ పేరే. కానీ ఆ బిళ్ళ రియాసత్ లోపలే చెల్లేది, సరిహద్దు దాటే ఖత్‌కి ఇంగ్రేజు బిళ్ళ కావాలి. అంటే మణుగూరు వైపు ఒడ్డున ఉన్న ఒక అన్న, నది అవతల పర్ణశాల వైపున్న చెల్లెలికి ఖత్ రాయాలంటే ఇంకో సర్కార్ బిళ్ళ కొనాలి. కేక వేస్తే వినబడే దూరం. పడవవాడి చేతికి ఇచ్చినవాళ్ళే ఎక్కువమంది ఉండి ఉంటారని నా ఖయాల్. 1950 ఏప్రిల్ 1న నిజాం డాక్ భారత తపాలా శాఖలో కలిసిపోయింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన రావడానికి మాత్రం 1965 దాకా ఆగాల్సి వచ్చింది. సరిహద్దుల తమాషా అయిపోయిందనుకోకండి. 2014 తర్వాత భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారి ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళి మళ్ళీ తెలంగాణలోకి వస్తుంది. బస్సులో నిద్రపోతే రెండు రాష్ట్రాలు దాటినట్టు కూడా తెలియదు.

ఇప్పుడు ఈమెయిల్ దగ్గరికి రండి. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మొదటి ఈమెయిల్ పంపాడు, అడ్రస్ మధ్యలో ఆ సున్నా చుట్టిన 'ఎ' గుర్తు పెట్టింది ఆయనే. కానీ నాకు అంతకంటే ఇష్టమైనది దాని తర్వాతి కథ. 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ 'యూయూసీపీ' అనే ఏర్పాటు చేశాడు. ప్రతి కంప్యూటర్ తన మెయిళ్ళన్నీ ఒక మూటగా కట్టి ఉంచుతుంది. ఫోన్ చార్జీ తక్కువ ఉండే రాత్రి పూట పక్క కంప్యూటర్‌కి ఫోన్ చేసి మూట ఇచ్చి, దాని మూట తీసుకుని, ఫోన్ పెట్టేస్తుంది. పక్కది దాని పక్కదానికి ఇస్తుంది. గజ్జెల కర్ర ఒక్కటే తక్కువ, మిగతాదంతా దావానే. మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్‌లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబైలోని ఎన్‌సీఎస్‌టీ మొదట్లో ఇలాగే డయలప్ ఫోన్ లైన్ల మీద మూటలు మార్చుకున్నాయి. లైన్ నెమ్మదే, మధ్యలో తెగేది కూడా. అయినా మెయిల్ చేరేది. ఎందుకంటే లైన్ ఎప్పుడూ ఉండాలని ఆ ఏర్పాటు అడగలేదు.

ఇంట్లో మనిషి మెయిల్ తెచ్చుకోవడానికి 1984లో ఒక పద్ధతి వచ్చింది. పేరే 'పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్', అందరూ పాప్ అంటారు. డాక్‌ఖానాకి పోయి, మన పెట్టె ఖాళీ చేసుకుని, సంచీ ఇంటికి తెచ్చుకోవడం. తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు, లైన్ అక్కర్లేదు. 1986లో స్టాన్‌ఫోర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఇంకో పద్ధతి తెచ్చాడు, దాని పేరు ఐమాప్. ఇందులో అసలు ఖత్ డాక్‌ఖానాలోనే భద్రం, ఇంటికి వచ్చేది నకలు. ముందు ఎవరు రాశారు, ఏ విషయం అనే పై చిరునామాలు మాత్రం తెచ్చుకుని, కావాల్సిన ఖత్ మాత్రమే తెప్పించుకోవచ్చు. పెద్ద ఖత్‌ని ముక్కలుగా కూడా తెప్పించుకోవచ్చు.

మూడో పద్ధతి మనందరికీ అలవాటైనది, బ్రౌజర్‌లో మెయిల్. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ తెరిచారు. సొంత కంప్యూటర్ లేనివాడికి కూడా ఒక చిరునామా దొరికింది, ఆ మేలు కాదనలేం. మన దగ్గర 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టింది. అక్షరాలు మాత్రమే కనబడే షెల్ అకౌంట్ చవక, బొమ్మలు కనబడే అకౌంట్ ఖరీదు. తర్వాత గల్లీకో ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుకి రాయాల్సిన ఖత్ ఇంట్లో కాగితం మీద రాసుకుని, అక్కడికి తెచ్చి రోమన్ ఉర్దూలో టైప్ చేయించిన అమ్మీలు మీ ఖాందాన్‌లో కూడా ఉంటారు. గంట లెక్కన డబ్బు పోతుంది కాబట్టి కాగితం మీద ముందే రాసుకోవడం. పాప్ చేసే పని అమ్మీ చేత్తో చేసిందన్నమాట.

కానీ బ్రౌజర్ మెయిల్ అంటే డాక్‌ఖానా కిటికీ దగ్గర నిలబడి చదవడం. ప్రతి ఖత్‌కీ, ప్రతి బటన్‌కీ పేజీ వెళ్ళి వస్తుంది. ఒక పేజీ తెరుచుకోవాలంటే ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య పదుల సార్లు సవాల్-జవాబ్ నడవాలి. లైన్ వెడల్పు తక్కువైతే ఒక బాధ, ఒక్కో జవాబు ఆలస్యమైతే ఇంకో బాధ, అడవి అంచున రెండూ ఉంటాయి. మా తమ్ముడి ఫోన్‌లో మూడు రోజులు తిరిగిన గుండ్రటి గుర్తుకి కారణం ఇదే. వాడికి రావాల్సిన మెయిల్‌లో అసలు మాట నాలుగు లైన్లు.

ఇక్కడ కొంచెం హిసాబ్ చెప్పాలి. కంప్యూటర్ లెక్కలో ఒక ఇంగ్లీష్ అక్షరం 1 బైటు, ఉర్దూ హర్ఫ్ 2 బైట్లు, తెలుగులో ఒక్కో గుర్తు 3 బైట్లు. మన తెలుగే బరువని నొచ్చుకోకండి. 2000 గుర్తుల ఖత్ మెయిల్ కోసం కట్టిన తర్వాత కూడా 8 వేల బైట్ల చుట్టే ఉంటుంది. సెకనుకి 40 కిలోబిట్ల అధ్వానమైన లైన్ మీద కూడా అది రెండు సెకన్లలోపు పని. ఫోటో సంగతి వేరు. మెయిల్ పుట్టింది అక్షరాల కోసం కాబట్టి ఫోటోని కూడా అక్షరాలుగా మార్చి పంపుతుంది, ఆ మార్పులో బరువు మూడోవంతు పెరుగుతుంది. 4 మెగాబైట్ల ఫోటో 5.3 అవుతుంది. అదే లైన్ మీద దాదాపు 18 నిమిషాలు. పదిహేడో నిమిషంలో లైన్ తెగితే మళ్ళీ మొదటి నుంచి. అదే ఫోటోని 200 కిలోబైట్లకి కుదిస్తే ఒక నిమిషంలోపే పోతుంది. పంపు మీద తుప్పు అందులో కూడా బాగానే కనబడుతుంది.

ఇదంతా తెలిసిన తర్వాత వాడి ఫోన్‌లో చేసింది పెద్ద పనేం కాదు. కానీ ఆ పని పర్ణశాలలో చేయలేదు, భద్రాచలం వచ్చినప్పుడు చేశాం. మొదటిసారి అకౌంట్ కలిపేటప్పుడు పాస్‌వర్డ్, ఫోన్‌కి వచ్చే కోడ్, అన్నీ ఒక్క ఊపున జరగాలి. సిగ్నల్ లేనిచోట ఆ కోడ్ వచ్చేసరికి దాని గడువు అయిపోతుంది. గూగుల్ అకౌంట్‌కి ఇలాంటి వేళ కోసం 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. అవి కాగితం మీద రాయించి ఖాలా చేతికి ఇచ్చాను. బీరువాలో నికానామా పక్కన పెట్టుకుంది. కే-నైన్ మెయిల్ నుంచి పుట్టిన థండర్‌బర్డ్ యాప్ వేసి ఐమాప్ కలిపాం. పాప్ ఎందుకు కాదంటే, సంచీ ఇంటికి తెచ్చుకున్నాక ఫోన్ గోదావరిలో పడితే ఖత్‌లన్నీ నీళ్ళపాలు. ఐమాప్‌లో అసలు డాక్‌ఖానాలోనే ఉంటుంది.

చివరి వారం మెయిళ్ళు మాత్రమే తెచ్చుకోమన్నాం. ఒక్కో మెయిల్‌లో మొదటి 32 కిలోబైట్లు చాలు, మిగతాది అడిగితేనే. బయటి బొమ్మలు తెరవొద్దు. ప్రతి పావుగంటకీ తనంతట తాను వెతకడం బంద్, వేలితో లాగితేనే వెతకాలి. నిజానికి అన్నిటికంటే కష్టమైంది వాడి భయం పోగొట్టడం. 'పంపు' నొక్కాక మెయిల్ అవుట్‌బాక్స్‌లో ఆగితే ఫెయిల్ అయిందనుకుని మళ్ళీ మళ్ళీ రాసేవాడు. అది చౌకీలో ఆగిన ఖత్, సిగ్నల్ దొరగ్గానే పోతుందని చెప్పాను. అవతల సర్వర్ పడిపోయి ఉన్నా ఇవతలి సర్వర్ నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూనే ఉండాలని మెయిల్ ఖాయదాలోనే ఉంది. నలుగురికీ తెలిసిన ఒక చిన్న గుట్ట ఉంది, అక్కడ సిగ్నల్ బాగుంటుంది. ఊళ్ళల్లో పని చూసుకుంటూ రిపోర్ట్‌లు రాసి 'పంపు' నొక్కి జేబులో వేసుకుంటాడు. సాయంత్రం బండి ఆ గుట్ట ఎక్కేసరికి అన్నీ వాటంతట అవే పోతాయి. ఆ రోజు నుంచి హర్కారా వాడే.

ఇలాంటిది మనమొక్కరమే చేసుకున్నది కాదు. 2000ల మొదట్లో 'డాక్‌నెట్' అనే ఏర్పాటు వచ్చింది, ఆ పేరులో ఉన్నది మన డాకే. కర్ణాటకలో దొడ్డబళ్ళాపుర తాలూకాలో పల్లెలకి తిరిగే బస్సుకి వైఫై పెట్టె కట్టారు. పల్లెలోని కంప్యూటర్‌లో భూమి కాగితాల దరఖాస్తు సిద్ధంగా ఉంటే, బస్సు పక్క నుంచి పోతూ దాన్ని పట్టుకుని టౌన్‌లో ఇచ్చేది. కంబోడియాలో రతనకిరి అనే అడవి ప్రావిన్స్‌లో బడుల మెయిళ్ళని మోటార్‌సైకిళ్ళు ఇలాగే మోశాయి. అమెరికా యూనివర్సిటీలో చదివినవాళ్ళు తిరిగి తిరిగి తుగ్లక్ దావా దగ్గరికి వచ్చారు.

టవర్లు రావడం లేదని అనను. నక్సల్ ప్రభావం ఉందన్న 10 రాష్ట్రాల్లో 2014 తర్వాత 2జీ టవర్లు వేశారు, వాటిలో తెలంగాణ కూడా ఉంది. ఆ 2,343 టవర్లని 4జీకి మార్చాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. మంచిదే. కానీ లైన్ ఒక మెట్టు ఎక్కేసరికి పేజీలు రెండు మెట్లు ఎక్కుతున్నాయి. నెమ్మది లైన్ల కోసం జీమెయిల్‌లో సాదా పేజీ ఒకటి ఉండేది, బొమ్మలూ హంగులూ లేకుండా. 2024 మొదట్లో దాన్ని తీసేశారు. పాత మెయిల్ యాప్‌లు పాస్‌వర్డ్ ఒక్కదానితో కలిసే దారి 2022 మే 30 నుంచి మూసేశారు. హిఫాజత్ కోసమే అన్నారు, అది నిజమే. కానీ ప్రతి తాళానికీ ఇంకో సిగ్నల్ కావాలి. ఈ నిర్ణయాలు తీసుకునేవాళ్ళ ఫోన్‌లో గుండ్రటి గుర్తు ఎప్పుడూ తిరిగి ఉండదు.

నా షికాయత్ పెద్ద కంపెనీల మీద మాత్రమే కాదు. హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని మెయిల్ రాసేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. నాలుగు లైన్ల మాటని కాగితం మీద ప్రింట్ తీసి, స్కాన్ చేసి, 8 మెగాబైట్ల ఫైల్‌గా పంపుతారు. కింద రంగురంగుల సంతకం, కంపెనీ లోగో. ఖత్ రాసేటప్పుడు అవతలివాడి హాల్ అడగడం మన అదబ్‌లో మొదటి లైన్. ఆ అవతలివాడు ఏ లైన్ మీద చదువుతున్నాడో అడగడం కూడా ఆ హాల్‌లో భాగమే కదా. రాయాల్సిన మాట మెయిల్ లోపలే రాయండి, ఫైల్ తప్పనిసరైతే కుదించి పంపండి. మీ జిల్లా ఉద్యోగులకి ఐమాప్ తెరిచి ఉంచమని మీ ఐటీ వాళ్ళకి ఒక మాట చెప్పండి.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, పోయిన జుమ్మా నాడు వాడి నుంచి ఒక మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి బయటి మెయిల్ యాప్‌లు బంద్, అందరూ బ్రౌజర్‌లోనే చూడాలని ఆఫీస్ నోటీస్ పెట్టిందట. ఐమాప్ వదిలేయండి, లేదా ఫీల్డ్‌వాళ్ళ రిపోర్ట్‌కి రెండు రోజుల మొహ్లత్ ఇవ్వండి, రిపోర్ట్ రాసిన తేదీ చూసి హాజరు వేయండి అని మేమిద్దరం కలిసి ఒక దరఖాస్తు రాశాం. తెలుగులో, ఒక పేజీ, ఫైల్ లేకుండా. శనివారం పొద్దున వాడు 'పంపు' నొక్కాడు. గుట్ట వైపు ఆ రోజు పని లేదు కాబట్టి సోమవారం సాయంత్రం దాకా అది అవుట్‌బాక్స్‌లోనే ఉంది. సోమవారం పోయింది. జవాబు ఇంకా రాలేదు.